మార్తమ్మ గారి నలభై మూడు ముఖాలు

శుక్రవారం పొద్దున్నే పక్కింటి కోడలు ఇత్తడి బిందెలు ముందేసుకుని కుళాయి దగ్గర కూర్చుంటుంది. నానిన చింతపండూ ఇటుకపొడీ కలిసిన పుల్లటి మట్టివాసన గోడ దాటి మా వసారాలోకి వస్తుంది. అది రాగానే నేను చేతిలో పని వదిలేసి వెళ్ళి కిటికీ రెక్క మూసేస్తాను. ఆ పిల్ల మంచిది. "ఏంది అవ్వా, నేను తోమేటప్పుడే కిటికీ మూస్తావు, నా మీద కోపమా?" అని ఒకరోజు నవ్వుతూ అడిగింది. దుమ్మనీ, దగ్గనీ ఏదో చెప్పి తప్పించుకున్నాను. అసలు కారణం చెప్పాలంటే మార్తమ్మ గారి గురించి చెప్పాలి. ఆవిడ పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆవిడను చూసినవాళ్ళు ఈ మార్కాపురంలో నేను కాక ఇంకా ఇద్దరో ముగ్గురో ఉంటారేమో. వాళ్ళకూ ఆవిడ బెత్తం పట్టని టీచరమ్మగా మాత్రమే గుర్తు. ఆవిడ గదిలో ఏం చేసేదో వాళ్ళకు తెలియదు.

నేను మిషన్ ఆడపిల్లల బడిలో టీచరుగా చేరేనాటికి నాకు ఇరవై ఒకటో ఏడు. అప్పుడు మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది, పైన మద్రాసు సర్కారు. మా నాయన పెద్దారవీడు దగ్గరి పల్లెలో కూలి చేసేవాడు. మా అమ్మ మాత్రం నా చిన్నప్పుడే మార్కాపురం వచ్చి దొరసాని బంగళాలో పనికి కుదిరింది. ఇత్తడి దీపాలూ, తలుపుల పిడులూ తోమడం ఆమె పని. వాటిలో తన ముఖం కనబడేదాకా తోమేది. నేను ట్రైనింగులో ఉండగానే ఆమె పోయింది. నాయన ఇంకొక పెళ్ళి చేసుకున్నాడు. ఉద్యోగంలో చేరిన రోజు నా పెట్టె మోసుకొచ్చి దించి, "బాగుండు పాపా" అని వెళ్ళిపోయినవాడు మళ్ళీ ఏడాదిదాకా రాలేదు. బడి ఆవరణలోనే వసారా చివర రెండు గదులుండేవి. ఒకటి పెద్ద టీచరమ్మ మార్తమ్మ గారిది. రెండోది నాకిచ్చారు.

మార్తమ్మ గారికి అప్పుడు నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేది. తెల్ల చీర, మెడ మీదికి దిగిన చిన్న ముడి, ఒక కాడ విరిగితే దారంతో కట్టుకున్న కళ్ళజోడు. మాట తక్కువ. సాయంత్రం బడి వదిలాక తలుపు దగ్గరికి వేసుకునేది. చేరిన వారం రోజులకు ఒక సాయంత్రం నేను వసారాలో చీర ఆరేస్తుంటే ఆవిడ గదిలోంచి మాటలు వినబడ్డాయి.

"నువ్వు కాదులే. నీకు మెడ లావు. ఆయనకు ఇట్ల ఉండదు." కొంతసేపు ఆగి, "మరి ఎవరు నాయనా నువ్వు? చెప్పకపోతే నాకెట్ల తెలుస్తది?"

లోపల చుట్టాలెవరో ఉన్నారనుకున్నాను. మంచినీళ్ళు కావాలేమో కనుక్కుందామని తలుపు నెట్టాను. ఎవరూ లేరు. ఆవిడ కిటికీ కింద చాప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పలక, పలక మీద నల్లటి బిళ్ళలు కొన్ని. నన్ను చూసి ఉలిక్కిపడి, పిల్లలు తాయిలం దాచుకున్నట్టు వాటి మీద చెయ్యి కప్పింది. తర్వాత తనకే నవ్వొచ్చింది. "రా అమ్మాయ్, కూర్చో. పిచ్చిదనుకోకు. నాతో మాట్లాడేది వీళ్ళే" అంది.

అవి పాతకాలపు నాణేలు. వెండి కొంచెం, రాగి ఎక్కువ కలిపి చేసినవి. కొన్ని కానీ బిళ్ళంత, కొన్ని అంతకంటే చిన్నవే అయినా మందంగా ఉండేవి. ప్రతిదాని మీదా పక్కకు తిరిగిన ఒక ముఖం. రోము చక్రవర్తులు ఐగుప్తును ఏలిన రోజుల్లో అలెగ్జాండ్రియా పట్నంలో వాళ్ళ ముఖాలతో కొట్టించినవి. చుట్టూ అక్షరాలు గ్రీకులో ఉండేవి. చాలావాటికి ఆ అక్షరాలు అరిగిపోయి ముఖం ఒక్కటే మిగిలింది. మొత్తం నలభై మూడు.

అవి ఆవిడ దగ్గరికి ఎలా వచ్చాయో ఆ రోజే చెప్పింది. ఆవిడ భర్త దావీదు గారు మిషన్ ఆసుపత్రిలో డ్రెస్సరు, అంటే పుళ్ళు కడిగి కట్లు కట్టే పని. మొదటి యుద్ధంలో పటాలపు ఆసుపత్రిలో పనికి కుదిరి అలెగ్జాండ్రియా వెళ్ళారు. అక్కడ సముద్రం ఒడ్డున ఒక ముసలాయన దగ్గర ఈ నాణేలు కొన్నారు. "ఇవన్నీ రాజుల ముఖాలట. ఎవరు ఎవరో ఇక్కడ చెప్పేవాళ్ళు లేరు. నేనొచ్చినాక ఇద్దరం కూర్చొని తేలుద్దాము" అని ఇంటికి ఉత్తరం రాశారు. ఆ తర్వాత ఉత్తరం ఆయన చేతిరాత కాదు. విరేచనాల జబ్బుతో ఆసుపత్రిలోనే పోయారని పటాలం వాళ్ళు రాశారు. కొన్ని నెలలకు ఒక బిస్కెట్ల డబ్బా వచ్చింది. అందులో మంగలికత్తి, ఉన్ని బనీను, ఈ నాణేలు.

"ఇద్దరం కూర్చొని తేలుద్దామన్నాడు గదా. ఒక్కదాన్నే కూర్చున్నా" అంది మార్తమ్మ గారు. మాటలో ఏడుపేమీ లేదు, కాలండరులో రోజు చెప్పినట్టు చెప్పింది.

అప్పటికి పదహారేళ్ళుగా ఆ పని చేస్తూ ఉంది. సెమినరీలో చదువుకున్న పాస్టరు గారి దగ్గర గ్రీకు అక్షరాలు నేర్చుకుంది. దొరసాని ఒకామె ఓడెక్కి సీమకు వెళ్ళిపోతూ రోము చక్రవర్తుల చరిత్ర ఇచ్చి వెళ్ళింది. అందులో బొమ్మల పేజీలు సగం చిరిగిపోయి ఉండేవి. ఇంతే ఆవిడకున్న సాయం. పేర్లు కనబడని ముఖాలను ఆవిడ ఎలా పట్టుకునేదో నాకు మెల్లగా నేర్పింది. నాణేన్ని ఎప్పుడూ ఎదురువెలుగులో చూడనిచ్చేది కాదు. కిటికీ పక్కన పెట్టి, వెలుగు ఏటవాలుగా పడేటట్టు తిప్పాలి. అప్పుడు అరిగిన చోట కూడా చెంప ఎముక లేస్తుంది, చెవి కనబడుతుంది.

"పేరు కోసం ఎతకొద్దు. పేరు తెలిసిందనుకుంటే కండ్లు చూడటం మానేస్తాయి. ముందు మెడ చూడు. లావా, సన్నమా, ముందుకు వంగిందా. ఆమీద దవడ. ఆమీద గడ్డం ఉందా, లేదా. ముక్కు ఆఖర్న. ముక్కు అందరికంటే ముందు అరిగిపోతది" అనేది.

అలా చూస్తే ఎవరి తీరు వాళ్ళదే. నీరో అనే చక్రవర్తికి మెడ ఎద్దు మూపురంలా ఉబ్బి ఉండేది. వెస్పేసియన్ అనే ఆయనకు బట్టతల, ముడతలు పడ్డ నుదురు, ముందుకొచ్చిన గడ్డపుటెముక. "ఈయన్ని చూడు, కనిగిరి సంతలో ఎడ్ల పండ్లు చూసే ఆసామి మాదిరి లేడూ?" అంటే నాకు నవ్వాగలేదు. నిజంగా అలాగే ఉన్నాడు. నున్నగా గొరిగించుకున్న చక్రవర్తుల వరస తర్వాత హేడ్రియన్ అనే ఆయన గడ్డం పెంచాడు. ఆయన వెనక వచ్చినవాళ్ళు చాలామంది అదే పట్టారు. కాబట్టి గడ్డం లేకపోతే ఆయనకు ముందరివాళ్ళలో వెతకడం మొదలుపెట్టాలి. నాణెం వెనకవైపు ఇంగ్లీషు ఎల్ లాంటి గుర్తు, దాని పక్కన ఒక గ్రీకు అక్షరం ఉండేవి. ఆ అక్షరం అంకె. రాజు ఏలుబడిలో అది ఎన్నో ఏడో చెబుతుంది. అది ఇరవై దాటితే అంతకాలం ఏలినవాళ్ళు కొద్దిమందే మిగులుతారు. ఒకసారి ఆ అక్షరం దొరికిన రోజు మార్తమ్మ గారు అన్నం కూడా మరిచిపోయింది.

ఇదంతా బడిలోకి కూడా వచ్చేది. నేను మొదట్లో హాజరు పట్టీ చూసి పేరు పిలిచి, "ఉన్నానండీ" అనగానే గీత పెట్టి, తల ఎత్తకుండానే తర్వాతి పేరుకు పోయేదాన్ని. ఒకరోజు ఆవిడ వెనక నిలబడి చూసింది. పిల్లలు వెళ్ళాక పట్టీ మూసి నా చేతికిచ్చింది. "రేపటినుంచి ముఖం చూసి పేరు నువ్వే చెప్పు. పట్టీ ఆమీద తెరువు" అంది. నలభై ఇద్దరు పిల్లలు. నాకు పన్నెండు రోజులు పట్టింది. పదమూడో రోజున మూడో వరసలో ఒక పిల్ల చెంపలు రెండు రోజులుగా లోపలికి పోతున్నాయని నా కంటికే కనబడింది. ఇంట్లో తిండి లేదు. వాళ్ళమ్మ జ్వరంతో పడి ఉంది. పట్టీ చూసుకుంటూ ఉంటే ఆ పిల్ల నాకు ఒక "ఉన్నానండీ" మాత్రమే.

నాణేల్లో నాకు బాగా ఇష్టమైనవి ఆడవాళ్ళవి. ఫాస్టీనా అని తల్లీకూతుళ్ళిద్దరికీ ఒకటే పేరు, ఇద్దరూ రాణులే. ముక్కూ నోరూ చూసి చెప్పలేం. "తల్లికి కొప్పు నడినెత్తిన. కూతురికి మెడ మీద. గుర్తు పెట్టుకో" అంది మార్తమ్మ గారు. అలా అంటూ తన ముడి సరిచేసుకుంది. తల్లి ఫాస్టీనా ముందే చనిపోయిందట. ఆమె భర్త ఆంటోనైనస్ చక్రవర్తి ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆమె ముఖంతో నాణేలు కొట్టిస్తూనే ఉన్నాడట.

నేను ఆగలేక అడిగాను. "అమ్మగారూ, అయ్యగారి ఫోటో ఉందా?"

"లేదు."

"మరి..."

"రెండేండ్ల కాపురం అమ్మాయ్. ఎదురుగా చూడాలంటే నాకు సిగ్గు. అన్నం పెట్టేటప్పుడు పక్కన నిలబడి చూసినాను. బండిలో పోయేటప్పుడు పక్కన కూర్చోని చూసినాను. స్టేషన్లో రైలు కదిలేటప్పుడన్నా నేరుగా చూద్దామనుకుంటి. ఎవరో పిలిచినారు, అటు తిరిగినాడు. ఆయన పక్కముఖం ఒకటే నాకు మిగిలింది." పలక మీది నాణేలను వేలితో కొంచెం అటూ ఇటూ జరిపింది. "అదీ ఈ మధ్య వీళ్ళల్లో కలిసిపోతుండాది. కండ్లు మూసుకుంటే ముక్కు వస్తది. అది ఆయనదా, హేడ్రియన్‌దా అని తెలవదు."

దీపం ముట్టిస్తానని లేచి వచ్చేశాను. ఆ వయసులో అంతకన్నా తెలియదు.

మరుసటి ఏడు చలికాలంలో ఒక కబురు వచ్చింది. పాత శాసనాలూ నాణేలూ తెలిసిన ఆఫీసరొకాయన మద్రాసునుంచి నల్లమల వైపు వస్తున్నాడని, మార్కాపురంలో సర్కారు ఆఫీసర్లు దిగే ముసాఫరు బంగళాలో రెండు రోజులు ఉంటాడని మిషన్ దొరసాని చెప్పింది. ఆమె ఉత్తరం రాస్తే, నాణేలు తీసుకొస్తే చూస్తానని ఆయన జవాబు కూడా రాశాడు. ఆ కార్డు చేతిలో పట్టుకుని మార్తమ్మ గారు వసారాలో నిలబడిపోయింది.

"పదిహేడేండ్లు. ఒక్కరు కూడా నాకు 'ఔను' అని చెప్పలే, 'కాదు' అని చెప్పలే. నేను చదివిందంతా తప్పేమో కూడా నాకు తెలవదు" అంది.

ఆఫీసరు వచ్చేది శనివారం. గురువారం ఆవిడ గిద్దలూరులో టీచర్ల మీటింగుకు పోవాల్సి వచ్చింది. శుక్రవారం సాయంత్రపు రైలుకు వస్తానని, డబ్బా జాగ్రత్త అని నాకు తాళం ఇచ్చి వెళ్ళింది. ఇక్కడినుంచి చెప్పడం నాకు కష్టం. అయినా చెబుతాను. శుక్రవారం మధ్యాహ్నం బడికి సెలవు. నేను డబ్బా తెరిచి నాణేలు పలక మీద పరిచాను. ఎంత నల్లగా ఉన్నాయో! అంత పెద్ద ఆఫీసరు ముందు ఇలా మసి పట్టినవి పెడితే ఆవిడను చిన్నచూపు చూస్తాడేమో అనిపించింది. మర్యాద అంటే మెరుపు అనే సంగతి ఒకటే మా అమ్మ నుంచి నాకు వచ్చింది. ఆవిడ వచ్చేసరికి అన్నీ మెరిసిపోతుంటే ఎంత సంతోషిస్తుందో అనుకున్నాను. చింతపండు నానబెట్టాను. ఇటుకపొడి జల్లించాను. గడ్డిచుట్టతో, అందరికంటే నల్లగా ఉన్నవి ముందు తీసుకుని తోమాను. ఒక్కొక్కటి ఎర్రగా తేలుతుంటే పాట కూడా పాడుకున్నాను. ఏడు పూర్తయ్యాయి. ఎనిమిదోది చేతిలోకి తీసుకుని, ముందరివి ఎలా ఆరాయో చూద్దామని ఎండలో పెట్టినవాటి మీదికి వంగాను. ముఖాలు లేవు. తుడిచిన పలకల్లా ఉన్నాయి. ఒకదాని మీద మాత్రం మెడ వంపులా ఏదో గీత ఉంది. ఏడు బిళ్ళలు తోమినంతసేపూ నేను మెరుపు చూశాను గానీ ఒక్క ముఖం చూడలేదు.

ఆవిడ వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను. నా ముఖం చూడగానే ఆవిడ సంచీ కింద పెట్టింది. నేను పలక ముందుకు జరిపాను.

"ఎన్ని?" అంది.

"ఏడండీ."

"ఏ ఏడు?"

నాకు తెలియదు. ఎవరిని చెరిపానో కూడా నాకు తెలియదు. అదే ఎక్కువ సిగ్గనిపించింది. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ కొంచెం గట్టిగానే అంది. "ఏడవబాక. నీ ఏడుపులో పడి నేను మర్చిపోతాను. కాగితం తెచ్చుకో. చెబుతాను, రాసుకో. ఇప్పుడైతే ఇంకా నా వేళ్ళకు గుర్తుండాది."

పొద్దు కుంకేలోపల, కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కొక్క బిళ్ళనూ వేళ్ళ మధ్య తిప్పుతూ చెప్పింది. "అంచు చీలింది, ఇక్కడ నొక్కు ఉంది. ఇది హేడ్రియన్. ఇది రెండో హేడ్రియన్, ఒక పక్క పల్చన. దీని అంచు కొంచెం కోడిగుడ్డు మాదిరి, ఇది కూతురు ఫాస్టీనా. ఇది వెస్పేసియన్, మన ఎడ్ల ఆసామి." అక్కడ ఆగింది. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది. "మందంగా ఉండాది చూడు, గాలియేనస్. ఇవి రెండూ ప్రోబస్, ఒకదానికి వెనక గుంట." నేను అంచులూ నొక్కులూ గుంటలూ అన్నీ రాశాను. నన్ను తిట్టలేదు. ఆ సాయంత్రం ఆవిడ అన్నం తినలేదు. తలుపు దగ్గరికి వేసుకుంది. లోపలినుంచి ఏ మాటా వినబడలేదు.

మరునాడు పొద్దున్నే ఇద్దరం ముసాఫరు బంగళాకు వెళ్ళాం. ఆఫీసరు యాభై ఏళ్ళ మనిషి, కోటు మీద కండువా. మర్యాదస్తుడు. నాణేలను చూస్తూ మొదట నిర్లక్ష్యంగా ఉన్నవాడు, మార్తమ్మ గారు ఒక్కొక్క పేరూ, ఏలుబడి ఏడూ చెబుతుంటే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. భూతద్దం తీశాడు. "ఔను... ఔను... ఇదీ సరే" అంటున్నాడు. "ఎవరు నేర్పారమ్మా మీకు?"

"ఎవరూ నేర్పలేదండీ."

ఒకదాని దగ్గర ఆగాడు. "ఇది ఆంటోనైనస్ కాదు. ఈలియస్. హేడ్రియన్ వారసుడిగా పెట్టుకున్నవాడు. రాజు కాకముందే పోయాడు. తల మీద ఆకుల దండ లేదు చూడండి."

"దండ లేకుండా ఆంటోనైనస్ కూడా ఉంటాడు గదండీ, మొదటేండ్లల్లో?" అంది మార్తమ్మ గారు.

ఆయన తలెత్తి ఆవిడను కొత్తగా చూశాడు. "ఉంటాడు. కానీ గడ్డం చూడండి, ఎంత రింగులో. ముఖం కూడా పొడుగు." భూతద్దం ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ చాలాసేపు చూసింది. కిటికీ వైపు తిప్పి చూసింది. "ఔనండీ. నేను తప్పు చదివినాను" అంది. ఓడిపోయినవాళ్ళ ముఖం ఎప్పుడూ అంత వెలగడం నేను చూడలేదు. ఆయన కలం తీసి, ఆవిడ పేరూ బడి పేరూ అడిగి రాసుకోబోయాడు. తమ ఆఫీసు పత్రికలో ఈ నాణేల గురించి రాస్తాననీ, గుర్తుపట్టింది మీరేనని అందులో వేస్తాననీ చెప్పాడు.

అప్పుడు ఆయన చెయ్యి ఆ ఏడింటి మీదికి పోయింది. ఒకటి తీసి చూశాడు. ఇంకొకటి తీశాడు. ముఖం మాడిపోయింది. "ఇవేమిటి? వీటిని ఎవరు తోమారు?"

నేను ఆవిడకు రెండడుగుల వెనక నిలబడి ఉన్నాను. నేనే అన్న మాట నోట్లోకి వచ్చింది. నిజంగా వచ్చింది. నాలుక కదలలేదు.

"నేనేనండీ" అంది మార్తమ్మ గారు. "తమరు చూస్తారని, మెరవాలనుకున్నాను."

ఆయన నాణేన్ని బల్ల మీద పడేశాడు. "ఇంత తెలిసినవాళ్ళు చేసే పనేనా ఇది? వంటింటి చెంబులనుకున్నారా? ఈ ఏడూ ఫలానా వాళ్ళవని మీరు చెబితే నేనేం చూసి నమ్మాలి? మిగతావైనా మీరే చదివారని ఏమిటి నమ్మకం?" కలానికి మూత పెట్టాడు. ఆ చప్పుడు చిన్నదే. మార్తమ్మ గారు నాణేలు ఒక్కొక్కటిగా డబ్బాలో సర్దుకుని, నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. నేను వెనకనే వచ్చాను.

బడిదాకా మైలున్నర నడక. ఎండ ఎక్కుతోంది. పలకల బండ్లు ఎదురొస్తుంటే పక్కకు తప్పుకుంటూ నడిచాం. సగం దారిలో అడిగాను. "ఎందుకట్ల చెప్పినారమ్మా? నా పేరు చెప్పాల్సింది."

"నీ పేరు చెబితే దొరసాని దాకా పోతది. నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలే. నాకు ఏం పోతది?" అంది. కొంచెం దూరం నడిచాక ఉన్నట్టుండి నవ్వింది. "చూసినావా, నాతో వాదించినాడు! ఈలియస్ అంట. దండ లేదంట. పదిహేడేండ్లలో మొదటిసారి ఒక మనిషి నాతో కూర్చోని, కాదు ఇట్ల అన్నాడు. నాకది చాలు అమ్మాయ్."

చాలలేదని నాకు తెలుసు. చాలిన మనిషి గొంతు అలా ఉండదు. కానీ ఆ రోజునుంచి ఆవిడ సాయంత్రాలు తలుపు వేసుకోలేదు. "రూతమ్మా, రా. నిన్న ఎక్కడ ఆగినాం?" అని పిలిచేది. నన్ను అమ్మగారూ అనవద్దని, అక్కా అనమని చెప్పింది. నాకు గ్రీకు అక్షరాలు వచ్చాయి. ఇద్దరం వాదించుకునేవాళ్ళం. ఒక్కోసారి నేను కావాలనే తప్పు చెప్పేదాన్ని, ఆవిడ కాదనడం వినడానికి. ఆ ఏడు బిళ్ళల సంగతి మాత్రం ఇద్దరమూ ఎత్తలేదు. ఆఫీసరుకు నిజం రాద్దామని ఎన్నిసార్లో కాగితం ముందేసుకున్నాను. ఉద్యోగం ఖాయమైంది, అయినా రాయలేదు. రేపు రాద్దాం, సెలవుల్లో రాద్దాం అనుకుంటూ నాలుగేళ్ళు గడిపేశాను.

నాలుగో ఏడు వానలు వెనకపట్టాక మన్యపు జ్వరం, అదే మలేరియా, ఊరంతా పట్టింది. మార్తక్కకు పదకొండు రోజులు. మిషన్ ఆసుపత్రిలో నేనే ఉన్నాను. ఆఖరి మధ్యాహ్నం తెలివిగానే ఉంది. "డబ్బా నీ దగ్గర పెట్టుకోబాక. ఒక్కదానివే కూర్చుంటావు. చూసేవాళ్ళు పదిమంది ఉండే చోట ఇచ్చెయ్" అంది. "అక్కా, ఆ రోజు బంగళాలో..." అని నేను మొదలుపెట్టాను. ఆవిడ అప్పటికే కళ్ళు మూసుకుంది. నిద్రపోతోందనుకుని, లేచాక చెబుదామని ఆగాను. లేవలేదు.

తర్వాతి వేసవిలో డబ్బా పట్టుకుని ఒక్కదాన్నే రైలెక్కి మద్రాసులో ఆ నాణేల ఆఫీసుకు పోయాను. ఆ ఆఫీసరు అప్పటికే రిటైరై ఏదో ఊరు వెళ్ళిపోయాడు. ఆయన చోట ఒక గుమాస్తా నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి నాణేలు చూశాడు. ముప్ఫై ఆరు తీసుకున్నాడు. ఏడు పక్కకు నెట్టాడు. "ఇవి పనికిరావమ్మా."

"ఇవి తోమింది నేనండీ. ఆవిడ కాదు. మీ పాత ఆఫీసరు గారికి ఆవిడ తానే అని చెప్పింది. నిజం కాదు. ఈ ఏడూ ఎవరెవరో నా దగ్గర రాసి ఉంది" అన్నాను. నాలుగేళ్ళు దాచుకున్న మాట ఒక్క గుక్కలో అయిపోయింది.

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఎవరు తోమితే ఏముందమ్మా" అని ఫారం తీశాడు. ఇచ్చినవారి పేరు అడిగాడు. మార్తమ్మ అని చెప్పాను. భర్త పేరు అడిగి రాసుకున్నాడు. సేకరించినవారు అన్నచోట కూడా దావీదు అని రాశాడు. "గుర్తుపట్టినవారు మార్తమ్మ అని కూడా రాయండి" అన్నాను. ఆయన ఫారం పైనుంచి కిందిదాకా చూశాడు. "అలాంటి గడి ఇందులో లేదమ్మా" అన్నాడు, కసురుకోకుండానే.

ఆ ఏడూ నాతోనే తిరిగొచ్చాయి. నేను పెళ్ళి చేసుకోలేదు. అదే బడిలో పెద్ద టీచరమ్మనయ్యాను, రిటైరయ్యాను. పిల్లలను పట్టీ మూసిపెట్టి పిలవడం ఆఖరిరోజుదాకా మానలేదు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళు ఎప్పుడైనా ఇది ఎవరు చేశారని గదమాయించి అడిగితే, వెనక వరసలో ఏదో ఒక పిల్ల నోరు తెరవలేక నిలబడి ఉండటం నాకు ముందే కనబడేది. ఆ పిల్ల పక్కకు వెళ్ళి నిలబడేదాన్ని. కొందరికి మాట పెగిలేది. పెగలనివాళ్ళ మీద నాకు కోపం రాలేదు.

ఈ మధ్య చూపు తగ్గుతోంది. నేను పోతే ఆ ఏడు బిళ్ళలు ఎవరివో చెప్పగలిగేవాళ్ళు భూమ్మీద ఉండరు. వాటిని తుక్కు రాగి కింద వేస్తారు. అందుకని పోయిన నెల ఏడు చిన్న కాగితపు సంచులు కుట్టి, ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్కటి పెట్టాను. సంచీ మీద గళ్ళు నేనే గీసుకున్నాను. మొదటి గడిలో చక్రవర్తి పేరు, అంచు గుర్తు. రెండో గడిలో, గుర్తుపట్టినది మార్తమ్మ. దాని కింద ఇంకొక గడి గీసి, ముఖం చెరిపినది రూతమ్మ అని రాసి, ఏడింటి మీదా సంతకం చేశాను.